మోటుపల్లి యభయశాసనము: రాజశాసనమును అంతర్జాతీయధర్మమును

బాపట్ల జిల్లాయందు, చీరాలకు సమీపమున, సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. అచ్చటి వీరభద్రాలయమునందలి యొక స్తంభముపై కాకతీయ గణపతిదేవ మహారాజు శాసనము చెక్కఁబడియున్నది. దాని కాలము శాలివాహనశకము 1166, క్రోధి సంవత్సరము; అనఁగా క్రీ. శ. 1244–45. దీనిని హుల్ట్ష్ పండితుఁడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమునఁ బ్రకటించెను. నాఁటినుండి ఆంధ్రదేశచరిత్రకారులు దీనిని మన వర్తకచరిత్రమునకు ముఖ్యసాధనముగాఁ బేర్కొనుచునే యున్నారు. అది యుచితమే. కాని యీ శాసనము ధర్మశాస్త్రచరిత్రమునకును సాధనము కాఁగలదు. ఈ వ్యాసమున నేనా రెండవ మార్గమున విచారింపఁదలఁచితిని.

విచారణీయమైన ప్రశ్న యిది. పరదేశీయులయెడ ఒక రాజ్యము పాటింపవలసిన ధర్మ మెచ్చటనుండి పుట్టుచున్నది? ఆ రాజ్యముయొక్క శాసనమునుండియా, లేక రాజ్యముల కన్నిటికిని సామాన్యమైన యొక ధర్మమునుండియా? ఆ రెండింటికిని విరోధము కలిగినప్పుడు న్యాయాధిపతి దేనికి లోఁబడవలెను? దీనినే నేఁటి శాస్త్రకారులు అంతర్జాతీయన్యాయమునకును దేశీయన్యాయమునకును గల సంబంధమని వ్యవహరించుచున్నారు. ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న యని తలఁపరాదు. గాలివానకుఁ జిక్కి యొడ్డు చేరిన వర్తకునకు తన సొమ్ము తనకు దక్కునా దక్కదా యనుట నాఁడు దీనిపై నాధారపడియుండెను. అప్పు తీర్పలేని బీదవాఁడు చెఱకుఁ బోవునా పోఁడా యనుట మన కాలమునను దీనిపైనే యాధారపడినది.

శాసనవిషయము సంగ్రహముగా నిట్లున్నది. సకలద్వీపములకును దేశాంతరములకును పట్టణములకును వచ్చుచుఁ బోవుచుండు సముద్రవర్తకులకు గణపతిదేవుఁ డభయ మొసఁగుచున్నాఁడు. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బయలుదేఱి, గాలివానచేఁ బగిలి, తీరమునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వవస్తువులను పూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరి. తానట్లు చేయక, ప్రాణముకంటెను ధనమే యెక్కువ యని యెంచి సముద్రయానమను మహాసాహసమునకుఁ బూనిన వారియందు దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, కౢప్తశుల్కము తప్పఁ దక్కిన దంతయు వారికే విడుచుచున్నానని రాజు చెప్పుచున్నాఁడు. ఎగుమతి దిగుమతులపై శుల్కము ముప్పదింట నొకటిగా నిర్ణయింపఁబడినది. పిదపఁ జందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోఁకలు మొదలగు సరకుల సుంకములు వేఱువేఱుగాఁ జెప్పఁబడినవి.

ఇందు కౢప్తశుల్క మను పదమును విద్యార్థులు జాగ్రత్తగా గ్రహింపవలెను. తెలుఁగున వాడుకలోనున్న క్లుప్తశబ్దమునుబట్టి దీనికి స్వల్పమైన సుంకమని యర్థము చెప్పరాదు. కౢప్త మనఁగా ముందుగా నేర్పఱుపఁబడినది. సుంకము తక్కువయగుట వర్తకునకు లాభమే. కాని యది యెంతయో ముందుగాఁ దెలియుట యంతకంటెను గొప్ప లాభము. ఓడ రేవు చేరిన పిదప అధికారి యిచ్చవచ్చినట్లు నిర్ణయించు సుంకమునకును, ఱాతిపైఁ జెక్కిన సుంకమునకును గల భేదమే యథేచ్ఛకును ధర్మమునకును గల భేదము. ఈ పదముచేత రాజు వర్తకుని మాత్రమే కాదు, తన్నును గట్టుకొనుచున్నాఁడు.

స్వదేశాభిమానముచేత దీనినొక అంతర్జాతీయసంధిగా వర్ణించుట కలదు. అది సరికాదు. సంధి యనఁగా నిరువురు రాజుల పరస్పరసమయము. ఇచ్చట రెండవ రాజు లేఁడు. గణపతిదేవుఁడు తన ప్రజలకు అన్యదేశములయందట్టి యభయమే కావలెనని కోరుటయు లేదు. ఇది యేకపక్షమైన రాజశాసనము, దేశీయన్యాయమునకుఁ జెందినది. అయినను దీనివలన లాభము పొందువారు దేశాంతరస్థులు. అభయ మొసఁగఁబడినది పరదేశీయులకు. ఆజ్ఞ యీయఁబడినది మాత్రము స్వదేశమునందలి సుంకరులకును తీరాధికారులకును. ఈ రెండు ముఖములుండుటచేతనే యీ శాసనము మన ప్రశ్నకుఁ దగిన యుదాహరణమగుచున్నది.

పూర్వరాజుల దోపిడి యన్యాయమనియు, వర్తకుని సొమ్ము వర్తకునకే చెందవలె ననియు గణపతిదేవుఁడు క్రొత్తగాఁ గల్పించెనా? కాదు. శామశాస్త్రిగారు 1909లోఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణము కలదు. అందు గాలిచే దెబ్బతిని దారి తప్పివచ్చిన యోడను నావధ్యక్షుఁడు తండ్రివలె నాదరింపవలె ననియు, నీటఁ దడిసిన సరకుపై సుంకము పూర్తిగా విడువవలె ననియో సగము మాత్రమే గ్రహింపవలె ననియో చెప్పఁబడినది. అంతియ కాదు, ఆ యధ్యక్షుఁడు పణ్యపత్తనచారిత్రమును, అనఁగా వర్తకపురముల యాచారమును, పాలింపవలె నని విధింపఁబడినది. రేవుల కొక యాచారము కలదనియు, అది రాజాజ్ఞవలనఁ బుట్టినది కాక రాజాధికారిచేఁ బాలింపఁబడవలసిన దనియు దీనివలనఁ దేలుచున్నది.

కావున ధర్మము పూర్వమే కలదు. అది లేకపోవుటచేతఁ గాక, దానిని బాటింపకపోవుటచేత పూర్వరాజుల కాలమున వర్తకులు నష్టపోయిరి. ఇక్కడనే మనకుఁ జిక్కు కనఁబడుచున్నది. ధర్మము కలదు; కాని తీరమునందలి సుంకరి దానిని జదువలేదు, చదివినను దానికి భయపడలేదు. రాజముద్రతోఁ గూడిన శిలాస్తంభము ముందు నిలిచిన తరువాతనే యా ధర్మమునకు వానియందు బలము కలిగెను.

దూతధర్మమును జూచినచో నీ విషయము మఱింత స్పష్టమగును. రామాయణమునందలి సుందరకాండమున రావణుఁడు హనుమంతుని వధింప నాజ్ఞాపింపఁగా విభీషణుఁ డడ్డుపడెను. అతఁడు లంకాశాసనము నేదియుఁ జూపలేదు. దూత వధ్యుఁడు కాఁడనునది రాజుల కందఱకును సమ్మతమైన మర్యాద యనియు, దూత కంగవైకల్యాది దండనలే విధింపఁదగుననియు వాదించెను. స్వేచ్ఛాచారియైన రావణుఁడును ఆ వాదమును ద్రోసివేయలేకపోయెను. వధాజ్ఞను మాని వాలదహనమున కాజ్ఞాపించెను. రాజు నోటఁ బుట్టిన యాజ్ఞనుగూడ మార్పించు బలముగల ధర్మ మొకటి రాజ్యములకు వెలుపల నున్నదను భావము మన వాఙ్మయమున నెంత ప్రాచీనమో యీ కథవలనఁ దెలియుచున్నది. కాని యా ధర్మము రావణసభలోఁ బలుకుటకు లంకావాసియైన విభీషణుఁడే కావలసివచ్చెను. ఈ యంశమును మఱువరాదు.

రాజాజ్ఞకును ఆచారమునకును విరోధము కలిగినచో నేది బలవత్తరము? అర్థశాస్త్రము వివాదనిర్ణయమునకు ధర్మము, వ్యవహారము, చరిత్రము, రాజశాసనము అను నాలుగు పాదములను జెప్పి, వానిలోఁ బూర్వమును పశ్చిమము బాధించునని నిర్ణయించినది. అనఁగా న్యాయాధికారి రాజశాసనమునే యనుసరింపవలెను. మనుస్మృతి జాతి జానపద శ్రేణీ కులధర్మములను విచారించి రాజు స్వధర్మమును నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. ఈ రెండు వాక్యములకు మధ్యమున నున్న సందిగ్ధతయే నేఁటి న్యాయస్థానములయందును గానవచ్చుచున్నది.

పాశ్చాత్యదేశములయందును నౌకాభంగమునఁ గొట్టుకొనివచ్చిన సొమ్ము తీరాధిపతిదే యను దురాచారము చిరకాలము వ్యాపించియుండెను. 1179లో జరిగిన మూఁడవ లాటెరను మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవుల సొమ్ము దోఁచువారిని మతమునుండి వెలివేయవలెనని విధించెను. ఇంగ్లండున 1275లో మొదటి ఎడ్వర్డురాజు చేసిన వెస్టుమినిస్టరు శాసనము, పగిలిన యోడనుండి మనుష్యుఁడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో ఆ యోడ రాజుసొమ్ము కాదనియు, ఒక సంవత్సరము నొక దినములోపల సొంతదారు వచ్చి నిరూపించుకొన్నచో దాని నతనికి మరల నీయవలెననియు నిర్ణయించెను. ఇది మోటుపల్లి శాసనమునకు సుమారు ముప్పది యేండ్లు తరువాతిది. రెండింటినిఁ బోల్చినచో, సొమ్మును వర్తకునకు విడుచుటకు గణపతిదేవుఁడు ప్రాణి మిగులవలె నను నియమము పెట్టలేదని కనఁబడును. ఆంగ్లశాసనమున గడువును, నిరూపణమార్గమును అధికముగాఁ జెప్పఁబడినవి. ఒకరివలన నొకరు నేర్చుకొనిన జాడలు లేవు. అయినను సముద్ర మొక్కటియే యగుటచేత రెండు దూరదేశములయందు నొకే యవసర మొకేవిధమైన ధర్మమును బుట్టించినది. అంతర్జాతీయధర్మము పుట్టుమార్గములలో నిది యొకటి.

ఆంగ్లన్యాయమున దూతల విషయమై జరిగిన యొక వృత్తాంతము ప్రసిద్ధము. 1708లో రష్యా చక్రవర్తియైన పీటరు రాయబారి మత్వేయెవు అప్పులవారిచే లండను వీథిలో నిర్బంధింపఁబడెను. చక్రవర్తి కోపించి యపరాధులకు మరణదండనము విధింపవలెనని కోరెను. అట్టి దండనకు ఆంగ్లశాసనములయం దాధారము లేకుండుటచేత ఆన్ రాణి చేయలేకపోయెను. అప్పుడు పార్లమెంటు రాయబారుల హక్కులను గాపాడు శాసనము నొకదానిని జేసి, యట్టి నిర్బంధములు చెల్లవని ప్రకటించి, యా శాసనపు ప్రతిని చక్రవర్తికిఁ బంపించెను. చూచితిరా! ధర్మము కలదని యెల్లరు నెఱుఁగుదురు. అయినను దండించుటకు దేశీయశాసనము కావలసివచ్చెను.

తరువాత 1737లో టాల్బటు ప్రభువు, జాతుల ధర్మము సంపూర్ణముగా ఆంగ్లన్యాయమున నొక భాగమే యని తీర్పు చెప్పెను. 1764లో మాన్సుఫీల్డు ప్రభువు దానినే యనుసరించి, ఆన్ రాణి శాసనము క్రొత్తధర్మమును బుట్టించినది కాదనియు, ఉన్న ధర్మమును చాటినదే యనియు వివరించెను. మోటుపల్లి శాసనమును గుఱించి మనము వేసికొనిన ప్రశ్నకు, అనఁగా నది ధర్మమును బుట్టించినదా చాటినదా యనుదానికి, మాన్సుఫీల్డు వాక్యము మంచి సమాధానమార్గమును జూపుచున్నది. అమెరికాలో 1900 సంవత్సరమున అత్యున్నతన్యాయస్థానము, స్పెయినుతోడి యుద్ధమున క్యూబాతీరమునఁ బట్టుకొనఁబడిన రెండు చేపలపడవల విషయమై యిట్లే తీర్పుచెప్పెను. బెస్తవారి చిన్నపడవలను యుద్ధమునఁ బట్టరాదను నాచారమును న్యాయమూర్తి గ్రే 15వ శతాబ్దారంభమునందలి ఆంగ్లరాజాజ్ఞలనుండి పరిశోధించి నిరూపించి, సంధియు శాసనమును లేనిచోట నాగరికజాతుల యాచారమే న్యాయాధిపతికిఁ బ్రమాణమని నిర్ణయించెను.

అయితే శాసన మాచారమునకు విరుద్ధముగా నున్నచో? 1906లో స్కాట్లండున నట్టి వ్యవహారము వచ్చెను. మోరే యఖాతమున వలలు లాగుటను నిషేధించు శాసనము కలదు. నార్వే పతాకముగల యొక నౌకానాయకుఁడు తీరమునకు మూఁడు మైళ్ల కావల, అనఁగా నందఱకును సామాన్యమని వాదింపఁబడిన సముద్రమున, చేపలు పట్టి పట్టువడెను. ధర్మాసనము, పార్లమెంటు చేసిన శాసనమే తమకుఁ బ్రమాణమనియు, అది జాతులధర్మమును మీఱినదా యను విచారణ తమది కాదనియుఁ జెప్పి శిక్షను స్థిరపఱచెను. రాజశాసనము తక్కిన పాదములను బాధించునను కౌటిల్యుని నిర్ణయమే యిది. కాని తరువాత నిట్టి యపరాధములకే శిక్షితులైన నార్వే నావికులను, వారి ప్రభుత్వ మాక్షేపింపఁగా, బ్రిటిషు ప్రభుత్వము విడిచిపెట్టవలసివచ్చెను. న్యాయస్థానమున గెలిచిన శాసనము రాజ్యములసభలో నిలువలేకపోయెను.

ఈ రెండు ఫలములను బట్టియే యూరోపునందలి శాస్త్రకారులలో రెండు మతము లేర్పడెను. 1899లో జర్మనీపండితుఁడు ట్రీపెల్, అంతర్జాతీయన్యాయమును దేశీయన్యాయమును వేర్వేఱు వ్యవస్థలనియు, వాని మూలములును, అవి పాలించు సంబంధములును భిన్నములనియు గ్రంథము వ్రాసెను. ఆస్ట్రియాపండితుఁడు కెల్సెను, న్యాయమంతయు నొకే వ్యవస్థయని వాదించెను. మొదటిదానిని ద్వైతమనియు, రెండవదాని నద్వైతమనియు మన భాషలోఁ జెప్పవచ్చును. అయితే యా పదములను జూచి మన వేదాంతమతములతోఁ బోల్చుట పొసఁగదు. ఇచ్చటి వివాదము జీవబ్రహ్మలను గూర్చినది కాదు. సుంకరి చేతిలోని యాజ్ఞ యెవరిదను దానిఁ గూర్చినది.

మోటుపల్లి స్తంభము నీ రెండు మతముల యెదుట నిలిపిచూతము. ద్వైతి, ఇది కేవలము గణపతిదేవుని యాజ్ఞ యనును. నిజమే, శిలపై నున్నది యాతని నామమే. కాని యర్థశాస్త్రమునందును, దూరదేశములయందును నిదే ధర్మ మెట్లు వచ్చినదో యాతఁడు చెప్పలేఁడు. అద్వైతి, ఇది సర్వరాజ్యసామాన్యధర్మ మనును. నిజమే, కాని యది సామాన్యమే యైనచో పూర్వరాజుల రేవులలో వర్తకులేల దోఁచుకొనఁబడిరో యాతఁడు చెప్పలేఁడు. ధర్మము పుట్టుట యొకచోట. అది పనిచేయుట మఱియొకచోట. పుట్టుటకు బహుదేశముల యాచారము కావలెను. పనిచేయుటకు స్వదేశమునందొక యాజ్ఞ కావలెను. ఈ రెండింటిలో నొకదానినే చూచువారు సగము శాసనమునే చదివినవారు.

ఇఁక స్వతంత్రభారతమున నీ ప్రశ్న యెట్లు పరిష్కరింపఁబడుచున్నదో చూతము. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగమున 51వ యధికరణము అంతర్జాతీయధర్మమునందును సంధినియమములయందును గౌరవమును బెంపొందింపవలెనని రాజ్యమున కుపదేశించుచున్నది. కాని యిది యాదేశసూత్రములలోనిది; న్యాయస్థానమున దీనిని బట్టి వ్యాజ్యము వేయుటకు వీలులేదు. 253వ యధికరణము సంధుల నమలుపఱచుటకై దేశమంతటికి శాసనము చేయు నధికారమును పార్లమెంటున కిచ్చుచున్నది. రాయబారుల విషయమై 1961లో వియన్నాలో జరిగిన సమయము, 1972లో పార్లమెంటు శాసనముచేసినప్పుడు, మన న్యాయస్థానములకుఁ బ్రమాణమయ్యెను. విభీషణుని వాదము శాసనపుటలయందుఁ జోటుచేసికొనుట కిది చివరి మెట్టు.

1958లో భారత పాకిస్థాను ప్రధానమంత్రులు బేరుబారి ప్రాంతమును విభజించుకొన నంగీకరించిరి. ఆ సమయము నమలుపఱచుటకు మార్గమేది యని రాష్ట్రపతి యడుగఁగా, భారతభూమిని బరరాజ్యమున కిచ్చుటకు రాజ్యాంగసవరణమే కావలెనని 1960లో అత్యున్నతన్యాయస్థానము చెప్పెను. అందుచేతనే తొమ్మిదవ సవరణము వచ్చినది. కచ్ఛదేశపు సరిహద్దు విషయమై 1969లో వేఱొక తీర్పు వచ్చెను. భూమి నిచ్చుట వేఱు, వివాదగ్రస్తమైన సరిహద్దును నిర్ణయించుకొనుట వేఱు. రెండవదానికి సవరణ మక్కఱలేదని దాని సారము.

1980లో నొక బ్యాంకు తన ఋణస్థులను చెఱఁబెట్టింపఁగోరిన వ్యవహారమున న్యాయమూర్తి కృష్ణయ్యరు తీర్పు చెప్పెను. ఒడంబడికను దీర్పలేకపోయిన మాత్రమున నెవనిని చెఱఁబెట్టరాదని యంతర్జాతీయ పౌరహక్కుల సమయము చెప్పుచున్నది. భారతదేశము 1979లో దాని నంగీకరించియుండెను. శాసనము చేయనిదే యా సమయము న్యాయస్థానమున నేరుగాఁ జెల్లదని యాయన యొప్పుకొనెను. కాని దేశీయమైన సివిలు విధానసంహితకే యట్టి యర్థము చెప్పి, చేతిలో ధనముండియు దుర్బుద్ధితో నీయనివాఁడే చెఱకుఁ దగినవాఁడు గాని లేనివాఁడు కాఁడని నిర్ణయించెను. సంధి తలుపునుండి రాలేకపోయినను అర్థనిర్ణయమను గవాక్షమునుండి వచ్చినది.

1984లో వచ్చిన వ్యవహారము మోటుపల్లికి మిక్కిలి దగ్గఱిది. నేపాళమునకుఁ బోవలసిన పాటల క్యాసెట్టులు సింగపూరునుండి కలకత్తారేవున దిగెను. అవి దొంగప్రతులని యొక సంగీతసంస్థ యభ్యంతరము చెప్పెను. సముద్రము లేని దేశమునకుఁ బోవు సరకుల నడ్డగింపరాదని సంధులు కలవు. గ్రంథకర్తల హక్కులను గాపాడవలెననియు సమయములు కలవు. తీర్పు వ్రాసినవారు ఆంధ్రులైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు. అంతర్జాతీయధర్మము పార్లమెంటు శాసనమునకు విరుద్ధము కానంతవఱకు, ప్రత్యేకశాసనము లేకున్నను దేశీయన్యాయమునఁ జోటుచేసికొనవచ్చుననియు, విరోధమున్నచో శాసనమే నిలుచు ననియు వారు స్పష్టపఱచిరి. దిగుమతి యను పదమునకు బయటినుండి దేశములోనికిఁ దెచ్చుట యని యర్థము చెప్పి, దాఁటిపోవు సరకును ఆ శాసనమునకు లోఁబడినదే యనిరి. గణపతిదేవుని రేవున నభయము ప్రధానము. ఇచ్చట నభయమునకు హద్దు ప్రధానము. దోఁచుకొనఁబడిన సొమ్ము సముద్రమును దాఁటివచ్చినంత మాత్రమున వర్తకుని సొమ్ము కాదు.

1997లో మఱియొక మెట్టు దాఁటిరి. పనిచేయుచోట స్త్రీలను బాధించుటను నివారించు శాసనము నాఁడు లేదు. స్త్రీలయెడ వివక్షను నిర్మూలించు అంతర్జాతీయసమయమును భారతదేశము 1993లో స్థిరపఱచియుండెను. దాని యాధారమున అత్యున్నతన్యాయస్థానము తానే నియమములను వ్రాసి, శాసనము వచ్చువఱకు నవియే చెల్లునని ప్రకటించెను. 2013లో పార్లమెంటు శాసనము వచ్చెను. ఆ పదునాఱేండ్లును స్త్రీలకు రక్షగా నున్నది, అంతర్జాతీయసమయము నాధారముగాఁ గొని దేశీయన్యాయమూర్తులు పలికిన వాక్యమే.

ఇంతవఱకుఁ జెప్పినదానిలో దేశీయశాసనమే తుదిమాటగాఁ గనఁబడుచున్నది. న్యాయస్థానమునఁ బరిశీలించినంతవఱకు నది నిజము. కాని రాజ్యములమధ్య నట్లు కాదు. అమెరికా యంతర్యుద్ధమున 1862లో ఇంగ్లండునఁ గట్టఁబడిన అలబామా యను నౌక బయలుదేఱి యుత్తరరాష్ట్రముల యోడలను నాశము చేసెను. దానిని నిలుపుటకుఁ దమ శాసనములయందుఁ జాలినంత యధికారము లేదని బ్రిటను వాదించెను. 1872లో జెనీవాయందలి మధ్యవర్తులు ఆ వాదమును ద్రోసిపుచ్చి 155 లక్షల డాలర్ల పరిహారము విధించిరి. ఇంటి శాసనము కొఱవడుట పొరుగువానికిఁ జెప్పఁదగిన సమాధానము కాదు. సంధులను గూర్చి 1969లో వియన్నాలో వ్రాయఁబడిన సమయమును నీ న్యాయమునే 27వ యధికరణమున స్థిరపఱచినది.

ఈ మూఁడవ యంశమే మోటుపల్లి శాసనమున లేనిది. పదుమూఁడవ శతాబ్దము చివర మార్కోపోలో యీ ప్రాంతమును ముత్ఫిలి యని వర్ణించి, రాణి పాలనమును బ్రశంసించినాఁడు. అభయఫల మప్పటికి నిలిచియున్నదని యూహింపవచ్చును. 1323లో ఓరుగల్లు పడిపోయెను. పిదప 1358లో కొండవీటి యనపోతరెడ్డి మోటుపల్లియందే సముద్రవర్తకులకు మరలనొక శాసనము వ్రాయింపవలసివచ్చెను. వర్తకులు స్వేచ్ఛగా వచ్చి నివసింపవచ్చు ననియు, పోఁదలఁచినప్పుడు పోవచ్చుననియు, తమ సరకులను దమకిష్టమైనవారి కమ్ముకొనవచ్చుననియు, సంతానములేని వారి సొమ్మును రాజు గ్రహించు నపుత్రికాదండమును విడిచితిమనియు దాని సారము. హరవిలాసమును గృతినందిన అవచి తిప్పయసెట్టి వంటి వర్తకులా రక్షణచేతనే వృద్ధి చెందిరి. తరువాతి కాలమునఁ గృష్ణదేవరాయలును ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమందలి రాజనీతిలో, రేవులను బెంపొందింపవలెననియు, ఆపదచే దిగిన పరదేశనావికులను వారి వారి జాతికిఁ దగినట్లు పోషింపవలెననియు నుపదేశించెను.

గణపతిదేవుఁ డిచ్చినదానిని అనపోతరెడ్డి మరల నేల యీయవలెను? అది దయగా నీయఁబడినది కావున. దయ దాతతోఁ బోవును. కీర్తికొఱకుఁ జేసినది కీర్తి కోరువాఁ డుండునంతవఱకే నిలుచును. ఆ శాసనమును దరువాతి రాజు మీఱినచో దూరదేశపు వర్తకుఁ డెవరితో మొఱపెట్టుకొనఁగలఁడు? అట్టి సభ లేదు, అట్టి మధ్యవర్తి లేఁడు. ప్రభువు మాఱినను, ప్రభుత్వము మాఱినను రాజ్యము చేసిన సమయము రాజ్యమును వదలదను భావము ధర్మశాస్త్రమునకుఁ దరువాతి కాలము చేర్చిన సంపద. అదియు నింకను సంపూర్ణముగా సిద్ధించినదని చెప్పఁజాలము; బలవంతులు సమయములను మీఱుచునే యున్నారు.

కావున నీ విచారణవలనఁ దేలినది యిది. రాజ్యములకు సామాన్యమైన ధర్మము రాజశాసనమునకుఁ బూర్వమే యాచారరూపమునఁ బుట్టవచ్చును. అది యొక దేశమునఁ బనిచేయవలెనన్నచో ఆ దేశపు శాసనమో, న్యాయమూర్తియో దానికి నోరు కావలెను. అట్టి నోరు లేకపోయినను రాజ్యమునకు పొరుగువారియెడ బాధ్యత తప్పదు. మొదటి రెండంశములకు మోటుపల్లి స్తంభము సాక్షి. మూఁడవదానికి దాని పునశ్శాసనమే సాక్షి. ఉపాధ్యాయులు పాఠశాలలయం దీ శాసనమును బోధించునపుడు గణపతిదేవుని యౌదార్యమును మాత్రమే కొనియాడి విడువక, ఆ యౌదార్య మేల చాలకపోయినదో కూడఁ జెప్పిన బాగుండును. గాలివానలో నోడ పగిలినవానికిఁ గావలసినది రాజుయొక్క దయ మాత్రమే కాదు. రాజు లేనప్పుడును నిలుచు మాట.